మొగలోని ఇసుక దీవి కరుగుతోందా? రెండు ఉపగ్రహ చిత్రాలతో తేలని లెక్క

మీరు అడిగిన విషయాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకొని జవాబులోకి వస్తాను. గంజాం జిల్లా తీరంలో మీరు బడిలో పాఠాలు చెప్పే తెలుగు మత్స్యకార గ్రామానికి ఎదురుగా, ఏరు సముద్రంలో కలిసే మొగలో ఒక ఇసుక దీవి ఉంది. గూగుల్ ఎర్త్‌లోని పాత చిత్రాల్లో దాని అంచు వెంట గీత గీసి మీరు వైశాల్యం కొలిచారు. 2014 నాటి చిత్రంలో 7.1 హెక్టార్లు, 2023 నాటి చిత్రంలో 4.6 హెక్టార్లు వచ్చాయి. తొమ్మిదేళ్లలో మూడో వంతుకు పైగా పోయిందని, ఇదే వేగంతో సాగితే మరో పదిహేడేళ్లకు దీవి మిగలదని తేల్చారు. ఈ లెక్కను జతచేసి ఛత్రపురంలో కలెక్టరు గారికి అర్జీ పెట్టాలని ఊరి పెద్దలు అనుకుంటున్నారని, ఒకసారి చూసి పెట్టమని రాశారు.

గీత గీయడంలో మీ చేయి నిలకడగా ఉంది. నేను మళ్లీ గీసినా ఇంచుమించు అవే అంకెలు వచ్చాయి. అయినా ఈ లెక్కతో అర్జీ పెట్టవద్దని నా సలహా. దీవి కరగడం లేదని నేను అనడం లేదు. కరుగుతోందో లేదో ఈ రెండు చిత్రాలు చెప్పలేవు అంటున్నాను. అర్జీని పరిశీలించే ఇంజనీరు కొంచెం తెలిసినవాడైతే మొదటి ప్రశ్నతోనే దాన్ని పక్కన పెడతాడు. ఆ ప్రశ్న ఇది: చిత్రం తీసిన నిమిషంలో సముద్రం పోటు మీద ఉందా, పాటు మీద ఉందా, అంటే నీరు ఎక్కి ఉందా, దిగి ఉందా?

ఆ ప్రశ్న ఎంత బరువైనదో చిన్న లెక్కతో చూపిస్తాను. మీ దీవిని 600 మీటర్ల పొడవు, 150 మీటర్ల వెడల్పు ఉన్న కోడిగుడ్డు ఆకారంగా అనుకోండి. వైశాల్యం 7.07 హెక్టార్లు వస్తుంది. మీ 2014 కొలతకు దగ్గరే. ఒడ్డు ఏటవాలు ఇరవైకి ఒకటి అనుకుందాం, అంటే ఇరవై మీటర్లు నీటివైపు నడిస్తే ఒక మీటరు దిగుతామన్నమాట. అప్పుడు నీటిమట్టం ఒక్క మీటరు పెరిగితే నీటి అంచు చుట్టూ ఇరవై మీటర్లు లోపలికి వస్తుంది. 560 మీటర్ల పొడవు, 110 మీటర్ల వెడల్పు మిగులుతాయి, వైశాల్యం 4.84 హెక్టార్లకు పడిపోతుంది. ఒక్క ఇసుక రేణువు కూడా కదలకుండానే దీవిలో మూడో వంతు చిత్రంలో మాయమైందన్నమాట. మన తీరంలో పున్నమి, అమావాస్య రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య తేడా ఒక మీటరును సులువుగా దాటుతుంది. మీకు కనిపించిన 2.5 హెక్టార్ల నష్టంలో ఎంత నిజంగా కోతో, ఎంత ఆ ఉదయపు పోటో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఒడ్డు ఇంకా చదునుగా, యాభైకి ఒకటిగా ఉంటే పరిస్థితి మరీ కష్టం. అదే మీటరు పోటుకు అంచు యాభై మీటర్లు కదులుతుంది.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో చిలికా సరస్సులోని దీవుల పటం తయారుచేయమంటే, చేతికందిన రెండు చిత్రాలను తీసుకుని నలబణ దీవి సింహభాగం కోల్పోయిందని ఎర్రరంగు పూసి, గర్వంగా మా పై అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన పటం వైపు కాక చిత్రాల తేదీల వైపు చూశాడు. ఒకటి జనవరి, ఒకటి ఆగస్టు. నలబణ వానాకాలంలో నీట మునిగి, నీరు తగ్గాక వలసపక్షులు వచ్చే వేళకు మళ్లీ తేలే దీవి అని రంభ రేవులో పడవ నడిపే పిల్లవాడికి కూడా తెలుసు. ఆయన ఏమీ అనలేదు, పటం వెనక్కి తిప్పి ఇచ్చాడు. అప్పటినుంచి చిత్రం తెరవకముందే తేదీ చూడటం నాకు అలవాటు.

కాబట్టి మొదట తేల్చుకోవలసింది, మీరు దేన్ని తీరరేఖ అంటున్నారన్నది. ఉపగ్రహ చిత్రంలో మూడు గీతలు కనిపిస్తాయి. మొదటిది ఆ క్షణంలో నీరు ఇసుకను తాకుతున్న అంచు, గంటగంటకూ మారుతుంది. రెండోది తడి ఇసుకకూ పొడి ఇసుకకూ మధ్య గీత. కిందటి పెద్ద పోటు ఎక్కడిదాకా వచ్చిందో చెబుతుంది, కొంత నిలకడైనది, కానీ ముప్పై మీటర్ల పిక్సెల్‌లో, అంటే చిత్రంలోని ఒక్కో చుక్క నేల మీద ముప్పై మీటర్ల చదరం అయినప్పుడు, సరిగా తెలియదు. మూడోది పచ్చదనం మొదలయ్యే గీత. ఇసుక మీద బాలబంది తీగ పాకి, రావణాసురుడి మీసాల గడ్డి మొలిచి, వెనక సరుగుడు చెట్లు ఉన్నచోట ఈ గీత పోటుపాట్లను లెక్కచేయదు. పెద్ద తుఫాను వస్తే తెగుతుంది, ఇసుక చాలాకాలం నిలకడగా ఉంటే ముందుకు జరుగుతుంది. మీ దీవి మీద పచ్చదనం ఎంతో కొంత ఉంటే, అది కొద్దిపాటి మచ్చైనా, దాన్ని విడిగా కొలవండి. వైశాల్యం తక్కువే రావచ్చు, కానీ నమ్మదగిన కొలత అదే. పచ్చదనం అసలు లేని బోడి దిబ్బ అయితే నీటి అంచుతోనే పని నడపాలి, అప్పుడు పోటు లెక్క తప్పదు.

ఇక్కడ ఉపగ్రహం నడకను కొంచెం అర్థం చేసుకోవాలి, ఎందుకంటే చాలామంది అనుభవజ్ఞులు కూడా దీన్ని దాటేస్తారు. అమెరికా వారి ల్యాండ్‌శాట్, ఐరోపా వారి సెంటినెల్-2 వంటి ఉపగ్రహాలు సూర్యుడితో లంకె పెట్టుకుని తిరుగుతాయి. మన ప్రాంతం మీదికి ఎప్పుడు వచ్చినా ఉదయం పది, పదిన్నర ప్రాంతంలోనే వస్తాయి. అమావాస్య, పున్నమి రోజుల పోటు మీ ఊళ్లో ఏ వేళకు నిండుతుందో మీ పెద్దలకు గడియారం చూడకుండానే తెలుసు. ప్రతి అమావాస్యకూ అది ఇంచుమించు అదే వేళ. ఈ రెండూ కలిపి చూడండి. అమావాస్య నాడు పదిన్నరకు మీ మొగలో పాటు ఉంటుందనుకుంటే, ఉపగ్రహం ఎన్ని ఏళ్లు తిరిగినా అమావాస్య నాటి పెద్ద పోటును చూడదు. పోటు వేళ అయితే పెద్ద పాటును చూడదు. కాబట్టి చిత్రాలు ఎన్ని పోగేసి సగటు తీసినా, ఆ సగటు సముద్రపు నిజమైన సగటు మట్టం కాదు, ఒక పక్కకు ఒరిగిన సగటు. అది ఏటా ఒకే పక్కకు ఒరుగుతుంది గనుక మార్పు లెక్కకు పెద్ద హాని లేదు. కానీ ఒక ఏడాది అమావాస్య చిత్రాన్నీ ఇంకో ఏడాది అష్టమి చిత్రాన్నీ పక్కపక్కన పెడితే హాని ఉంది.

నెలల తేడా కూడా ఉంది. బంగాళాఖాతపు పడమటి ఒడ్డున నెలసరి సగటు సముద్రమట్టం ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో తగ్గి, అక్టోబరు, నవంబరులో పెరుగుతుంది. ఆ పైన నైరుతి కాలపు అలలు ఒడ్డు ఇసుకను లోతుకు లాగుతాయి, చలికాలపు మెత్తటి అలలు తిరిగి పైకి తెచ్చి వేస్తాయి. వానాకాలంలో ఏటి వరద మొగను కోసి వెడల్పు చేస్తుంది, వేసవిలో అదే మొగ ఇసుకతో పూడుతుంది. ఇవన్నీ ఏటేటా జరిగే ఊపిరి. అందుకే నేను మొదట చేయించే పని పాత చిత్రాలు వెతకడం కాదు. ఒకే సంవత్సరంలో దొరికినన్ని చిత్రాలు తీసుకుని, మీ దీవి ఆ ఒక్క ఏడాదిలో ఎంత నుంచి ఎంత దాకా ఊగుతుందో కొలవమంటాను. ఒకే ఏడాదిలో 4.5 నుంచి 7 హెక్టార్ల మధ్య ఊగే దీవికి తొమ్మిదేళ్ల ఎడంలో ఆ రెండు అంకెలే వస్తే, అక్కడ చెప్పుకోవలసిన మార్పు ఏదీ లేదు. ఆ ఊగులాటే మీ కొలబద్ద. దాన్ని దాటిన మార్పే మార్పు.

దీనికి తగిన చిత్రాలు ఇప్పుడు డబ్బు లేకుండా దొరుకుతున్నాయి. సెంటినెల్-2 మొదటి ఉపగ్రహం 2015లో, రెండోది 2017లో ఎగిరాయి. రెండూ కలిసి ఐదు రోజులకు ఒకసారి వస్తాయి, కొన్ని రంగుపట్టీల్లో (ఉపగ్రహం ఒక్కో రకం కాంతిని విడిగా నమోదుచేసే పొరల్లో) పిక్సెల్ పది మీటర్లు. అంతకు వెనక్కి వెళ్లాలంటే ల్యాండ్‌శాట్ పరంపర ఉంది. 1972లో మొదలైన తొలి ఉపగ్రహాల్లో పిక్సెల్ ఎనభై మీటర్ల ముతక. 1980ల నుంచి ముప్పై మీటర్లు. ఒక్కో ఉపగ్రహం పదహారు రోజులకు ఒకసారి వస్తుంది, చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. ఈ పరంపరలో రెండు గుంటలు గుర్తుంచుకోండి. ల్యాండ్‌శాట్-7లోని ఒక భాగం 2003 మే 31న చెడిపోయి, అప్పటినుంచి ప్రతి చిత్రంలో చారలు చారలుగా ఐదో వంతుకు పైగా ఖాళీ ఉంటుంది. ఆ చార మీ దీవి మీదుగా పోతే తెలియక కొలిచినవారు దీవి రెండు ముక్కలైందని రాసుకుంటారు. ల్యాండ్‌శాట్-5 చిత్రాలు 2011 నవంబరుతో ఆగిపోయి, ల్యాండ్‌శాట్-8 2013 ఫిబ్రవరిలో గానీ ఎగరలేదు. 2012కు దాదాపు ఆ చారల చిత్రాలే గతి. ఆ ఏడాదికి మన దేశపు రిసోర్స్‌శాట్ చిత్రాలను ప్రయత్నించండి. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం వారి భూనిధి పోర్టల్‌లో చూడవచ్చు; వాటిలోని లిస్-3 కెమెరా పిక్సెల్ 23.5 మీటర్లు, లిస్-4 కెమెరా పిక్సెల్ 5.8 మీటర్లు. వానాకాలంలో మబ్బు వల్ల పనికిరాని నెలలకు సెంటినెల్-1 రాడార్ ఉంది, అది మబ్బును లెక్కచేయదు. అయితే గాలికి రేగిన నీరు రాడార్‌లో గరుకుగా మెరిసి ఇసుకలా భ్రమ కలిగిస్తుంది.

పిక్సెల్ కన్నా చిన్నది కనిపించదని కూడా అనుకోకండి. 1976లో కెనడాలోని లాబ్రడార్ తీరానికి దూరంగా ఒక రాతిదీవి ల్యాండ్‌శాట్ చిత్రాల సాయంతో బయటపడింది. దాని కొలత 25 మీటర్లు, 45 మీటర్లు. పిక్సెల్ ఎనభై మీటర్లు. చుట్టూ నల్లటి నీరు ఉండగా ఆ పిక్సెల్ ఒక్కటి వెలుతురుగా తేలింది, అందుకే దొరికింది. దానికి ల్యాండ్‌శాట్ దీవి అనే పేరే పెట్టారు. అంచు పిక్సెల్‌లో ఎంత భాగం నీరు, ఎంత భాగం ఇసుక అన్నదాన్ని దాని వెలుతురును బట్టి అంచనా కట్టవచ్చన్నది ఇందులోని సూత్రం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోస్ట్‌శాట్ అనే ఉచిత పరికరం ఈ పనే చేస్తుంది. మంచి ఒడ్డుల్లో ముప్పై మీటర్ల చిత్రం నుంచి పది మీటర్ల ప్రాంతంలో తప్పుతో నీటి అంచును లాగుతుంది. మీకు పైథాన్ రాకపోయినా ఫరవాలేదు, క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్ చాలు.

చేత్తో గీయడం మాని సూచికతో గీత తీయడం నేర్చుకోండి. నీరు సమీప పరారుణ కాంతిని మింగేస్తుంది, ఇసుక తిప్పికొడుతుంది. ఆకుపచ్చ పట్టీ విలువ నుంచి పరారుణ పట్టీ విలువను తీసివేసి, రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే నీటిని గుర్తించే సూచిక, ఎన్‌డీడబ్ల్యూఐ. 1996 నుంచి వాడుకలో ఉంది. నీటికి ఎక్కువ, ఇసుకకు తక్కువ వస్తుంది. వరద రోజుల్లో మీ ఏటి నీరు మట్టిరంగులో ఉన్నప్పుడు ఆ బురద పరారుణాన్ని తిప్పికొట్టి నేలలా నటిస్తుంది. అప్పుడు పరారుణం బదులు హ్రస్వతరంగ పరారుణ పట్టీ వేసుకుంటే వచ్చే ఎంఎన్‌డీడబ్ల్యూఐ మేలు. సెంటినెల్‌లో ఆ పట్టీ పిక్సెల్ ఇరవై మీటర్లని మరవకండి. నీటికీ ఇసుకకూ మధ్య హద్దు విలువను సున్నా అని గుడ్డిగా పెట్టకుండా, చిత్రంలోని విలువలను తనంతట తానే రెండు గుంపులుగా విడదీసే ఓట్సు పద్ధతి చేత ఎంపిక చేయించండి. అయితే అది రెండు గుంపుల మధ్య లోయను వెతుకుతుంది గనుక, మీరు కత్తిరించిన చట్రంలో తొంభై పాళ్లు సముద్రమే ఉంటే దారి తప్పుతుంది. నీరు, ఇసుక ఇంచుమించు సమంగా ఉండేలా దీవి చుట్టూ దగ్గరగా కత్తిరించండి. సముద్రం వైపు అంచులో అల విరిగే చోట తెల్లటి నురుగు ఇసుకగా లెక్కలోకి వస్తుంది, దీనికి మాత్రం కంటితో సరిచూడటమే మందు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పటాల్లో మీటర్లలో కొలవడానికి భూమిని నిలువు ముక్కలుగా విడదీస్తారు, వాటినే యూటీఎమ్ మండలాలు అంటారు. తూర్పు రేఖాంశం 84 డిగ్రీల దగ్గర ఆ మండలం మారుతుంది. ఇచ్ఛాపురం, బరంపురం, చిలికా 45వ మండలంలో ఉంటాయి. శ్రీకాకుళం పట్టణం 44లో. అవతలి జిల్లా మిత్రులు ఇచ్చిన ఫైలును మీ ఫైలుతో కలిపేటప్పుడు మండలం సరిచూడకపోతే గీతలు ఎక్కడో పడతాయి. అంత పెద్ద తప్పు కంటికి తెలుస్తుంది కాబట్టి దానితో ప్రమాదం లేదు. కనిపించని తప్పే ప్రమాదం. పాత సర్వే ఆఫ్ ఇండియా పటం ఎవరెస్ట్ గోళాభం మీద, అంటే భూమి ఆకారానికి కట్టిన పాత లెక్క మీద, గీసినది. మార్పిడి చేయకుండా ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే మన దగ్గర తూర్పు పడమరలుగా రెండు వందల మీటర్ల ప్రాంతంలో జరుగుతుంది, చూసేవారు సముద్రం రెండు వందల మీటర్లు ముందుకొచ్చిందనుకుంటారు. గూగుల్ ఎర్త్ చిత్రాలు కూడా ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ కొన్ని మీటర్లు పక్కకు ఒరుగుతాయి. కొలిచే ముందు కదలని గుర్తు ఒకటి, ఊళ్లోని గుడి గోపురమో, రోడ్ల కూడలో, అన్ని చిత్రాల్లోనూ ఒకే చోట ఉందో లేదో చూసుకోండి. కొబ్బరి చెట్టు పనికిరాదు, దాని నీడ తేదీతో మారుతుంది.

ఇప్పుడు అసలు విషయం. పొడవాటి తీరానికి వాడే పద్ధతిని దీవికి ఉన్నదున్నట్లు వాడకూడదు. అమెరికా భూగర్భ సర్వే వారి డీఎస్‌ఏఎస్ పరికరం తీరానికి సమాంతరంగా ఒక ఆధారరేఖ గీసి, దాని నుంచి అడ్డుగీతలు తీసి, ప్రతి అడ్డుగీత మీద తీరం ఏడాదికి ఎన్ని మీటర్లు కదిలిందో చెబుతుంది. మొగలోని దీవి మాత్రం గుండ్రం, పైగా నడుస్తుంది. మన తీరంలో నైరుతి కాలపు అలలు ఇసుకను ఏడాది మొత్తం మీద ఉత్తరం వైపుకే ఎక్కువగా తోస్తాయి. అందువల్ల మొగల దగ్గర ఇసుక తిప్పలు ఉత్తరానికి పాకుతూ, ఒక పెద్ద వరదకు తెగి, తెగిన ముక్క దీవిగా నిలిచి, కొన్నాళ్లకు ఒడ్డుకు అతుక్కుపోతాయి. దక్షిణం వైపు కోత, ఉత్తరం వైపు మేట. ఆధారరేఖ పద్ధతి ఇలాంటి దీవికి ఒక చివర భయంకరమైన కోత, ఇంకో చివర అద్భుతమైన పెరుగుదల చూపించి, దీవి కదిలిందన్న ఒక్క మాట మాత్రం చెప్పదు.

అందుకని దీవికి నాలుగు కొలతలు తీసుకోండి: వైశాల్యం, చుట్టుకొలత, కేంద్రబిందువు ఏ దిక్కుకు ఎంత జరిగింది, అన్ని సంవత్సరాల్లోనూ నేలగానే మిగిలిన గర్భభాగం ఎంత. చివరిదాన్ని నేను అన్నిటికన్నా పైన పెడతాను. పదేళ్ల బొమ్మలు ఒకదానిమీద ఒకటి పరిచి, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న నేల ఎంత ఉందో చూడండి. వైశాల్యం తగ్గకపోయినా గర్భం సున్నా అయితే, ఆ దీవి ఈ పదేళ్లలో పూర్తిగా తన చోటు ఖాళీచేసి పక్కకు వెళ్లిందన్నమాట. దాని మీద వల ఆరబెట్టుకునే పాక వేయడం మంచిది కాదని, దానికోసం రాతిగోడ కట్టమని అడగడం ఇంకా మంచిది కాదని అర్థం. ఉత్తరానికి ఇసుక నడిచే తీరంలో అడ్డంగా గోడ కడితే దక్షిణం వైపు ఇసుక పేరుకుని, ఉత్తరం వైపు ఊరు కోసుకుపోతుంది. పారాదీప్ రేవు కట్టాక ఉత్తరపు ఒడ్డుకు జరిగింది అదే. మీ ఊరు మొగకు ఉత్తరాన ఉందని మీరే రాశారు.

దీవులు అనగానే మునిగిపోవడమే గుర్తుకొస్తుంది, దానికి కారణం లేకపోలేదు. 1970 నవంబరు తుఫాను తర్వాత హరియాభంగా నది మొగ బయట తేలి, భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య వివాదమైన న్యూ మూర్ దీవి నీట మునిగిపోయిందని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయపు సముద్ర శాస్త్రజ్ఞులు 2010లో ఉపగ్రహ చిత్రాలతోనే చెప్పారు. అయితే పసిఫిక్ మహాసముద్రంలో 27 పగడపు దీవులను కొన్ని దశాబ్దాల చిత్రాలతో కొలిచి 2010లో ప్రచురించిన పరిశోధనలో 86 శాతం దీవుల వైశాల్యం నిలకడగా ఉన్నట్లో పెరిగినట్లో తేలింది. టువాలులో 101 దీవులను 1971 నుంచి 2014 దాకా కొలిస్తే మొత్తం నేల 2.9 శాతం పెరిగింది, సముద్రమట్టం పెరుగుతున్నా సరే. పగడపు దీవుల సంగతి మన ఇసుక దిబ్బలకు వర్తించదు; వాటి ఇసుక చుట్టూ ఉన్న పగడపు దిబ్బల నుంచి పుడుతుంది, మనది ఏరూ ఒడ్డూ తెచ్చిపెట్టాలి. ముందే జవాబు అనుకుని కొలతకు కూర్చోకూడదని మాత్రం ఆ అంకెలు నాకు నేర్పాయి.

తప్పు లెక్క గురించి కొంచెం అంకెలతో. ఒక ల్యాండ్‌శాట్ చిత్రంలో పిక్సెల్ వల్ల 10 మీటర్లు, చిత్రం ఒరుగు వల్ల 8, గీత తీయడంలో 5, పోటు వల్ల 20 మీటర్ల తప్పు ఉండవచ్చనుకుందాం. వీటిని నేరుగా కూడకుండా వర్గాలు కూడి మూలం తీస్తే 24 మీటర్లు వస్తుంది. ఇలాంటి చిత్రాలు రెండింటిని పోల్చితే తేడాలో తప్పు 34 మీటర్లు. రెంటి మధ్య ఐదేళ్లే ఉంటే ఏడాదికి దాదాపు 7 మీటర్ల అనిశ్చితి. ముప్పై ఏళ్లు ఉంటే 1 మీటరు పైచిలుకు. నాలుగు తప్పుల్లో పోటుదే పెత్తనమని గమనించండి. దాన్ని 20 నుంచి 5కు దించితే మొత్తం 24 నుంచి 15 లోపుకు వస్తుంది. ఖరీదైన చిత్రాలు కొని పిక్సెల్ తప్పును సగం చేసినా ఇంత లాభం రాదు.

సరళరేఖతో కూడా జాగ్రత్త. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. ఇలాంటి రాత్రి ఒక్కదానిలో మొగ రూపు మారిపోతుంది. 2010 నుంచి 2024 దాకా అన్ని బిందువుల మీదుగా ఒక గీత గీసి ఏడాదికి ఇన్ని మీటర్ల కోత అని రాస్తే, ఒక దెబ్బకు పడిన మెట్టు పదిహేనేళ్ల వాలుగా కనిపిస్తుంది. మీ మొదటి చిత్రం 2014 నాటిది, అంటే ఫైలిన్ పోయిన కొద్ది నెలలది. అలాంటి దెబ్బ తిన్న రూపాన్ని ప్రారంభంగా తీసుకోవడం లెక్కను ఏ పక్కకైనా వంచుతుంది. తుఫానుకు ముందు ఏళ్లను విడిగా, తర్వాతి ఏళ్లను విడిగా చూడండి.

పోటు తప్పును దించడానికి మీకు డబ్బు అక్కరలేదు, పిల్లలు చాలు. ఒకే ఎత్తున్న కర్రలు రెండు తీసుకుని, పై కొస నుంచి సెంటీమీటర్ల గుర్తులు పెట్టించండి. రెంటికీ మధ్య రెండు మీటర్ల తాడు కట్టండి. ఒకరు ఒడ్డు వైపు కర్ర దగ్గర, ఒకరు నీటి వైపు కర్ర దగ్గర నిలబడాలి. ఒడ్డు వైపు పిల్లవాడు, నీటి వైపు కర్ర కొస ఆకాశం సముద్రంలో కలిసే గీతతో ఏకమయ్యేలా చూసి, ఆ చూపు తన కర్రను పైనుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర దాటుతోందో చెప్పాలి. ఆ రెండు మీటర్లలో ఇసుక అంత దిగిందన్నమాట. ఇలా తాడు తాడుకూ రాసుకుంటూ పాటు వేళ నీటిదాకా వెళితే ఏటవాలు దొరుకుతుంది. దీవి సముద్రం వైపు ఒకసారి, ఏటి వైపు ఒకసారి తీయండి. రెండూ ఒకటి కావు. ఏటి వైపు సముద్రపు గీత కనిపించకపోతే మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో మట్టం చూడండి.

దాంతోపాటు అలల తాకిడి లేని చోట, ఏటి లోపలి రేవులో ఒక దుంగ పాతించి, సెంటీమీటర్ల గుర్తులు వేసి, ఒక నెలపాటు పగటి వేళల్లో గంటకొకసారి నీటిమట్టం రాయించండి. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వారి పోటు అంచనాలతో, సర్వే ఆఫ్ ఇండియా పోటు పట్టికలతో దాన్ని పోల్చితే, మీ మొగలో పోటు ఎంత ఆలస్యంగా, ఎంత తక్కువగా వస్తుందో తెలుస్తుంది. ఆ తేడా ఒకసారి చేతికి వస్తే పాత చిత్రాల తేదీలన్నిటికీ నీటిమట్టం వెనక్కి లెక్కకట్టవచ్చు. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల చిత్రాల్లో ఒకే మట్టానికి పావు మీటరు అటూఇటూగా ఉన్నవి మాత్రమే ఉంచండి. ముప్పై ఏళ్లకు ఇరవై చిత్రాలే మిగిలినా నాకు సమ్మతమే.

ఊరి పెద్దలు ఆగలేమంటే, ఈలోగా అర్జీలో దీవి తరిగిందని కాక, మొగ దగ్గర తీరాన్ని పోటుమట్టంతో సహా ఏటా కొలిచి రికార్డు పెట్టమని అడగమనండి. అడిగేది న్యాయమైనది, ఎవరూ కాదనలేరు. వారి జ్ఞాపకాలను కూడా తేదీలతో రాయించండి, అవి చిత్రాలు లేని ఏళ్లకు పనికొస్తాయి. దీవి మీదికి తెప్ప ఏ వైపు నుంచి చేర్చేవారు, తాబేళ్లు ఏ చివర గుడ్లు పెట్టేవి, మొగ ఏ ఏడు ఎక్కడ తెగింది అని విడివిడిగా అడిగితే చెబుతారు. ముందు ఎంత ఉండేది అని అడిగితే మాత్రం అందరూ చేతులు బారచాపి చూపిస్తారు.

దుంగ పాతించి నెల రీడింగులు చేతికి వచ్చాక, ఉదయం పదిన్నర రీడింగులను తిథితో సహా విడిగా ఒక పట్టీగా రాసి, ఏటవాలు కొలతలతో కలిపి పంపండి. మీ 2014, 2023 చిత్రాల్లో దేన్ని ఉంచాలో, దేన్ని తీసేయాలో ఆ పట్టీ చూశాక చెబుతాను.